నవ్వులపాలైన ఓటు

హాస్యచిత్రం చూస్తున్నప్పుడు ఎవరు నవ్వుతున్నారు, ఎవర్ని చూసి నవ్వుతున్నారు అని అడగక తప్పదు. 1933లో అమెరికాలో వార్నర్ సంస్థ వైటాఫోన్ పేరుతో తీసిన 'రూఫస్ జోన్స్ ఫర్ ప్రెసిడెంట్' అనే రెండు రీళ్ళ సంగీత చిత్రం చూసినప్పుడు నాకు ఈ ప్రశ్నే ఎదురైంది. దర్శకుడు రాయ్ మాక్. తెర నిండా నల్లజాతి నటులే. సినిమాకు మాటలొచ్చిన కొత్తరోజులు. పెద్ద చిత్రానికి ముందు ఇటువంటి పొట్టి చిత్రాలు వేసేవారు.

కథ చిన్నది. ఏడుస్తున్న కొడుకుని తల్లి ఒళ్ళోకి తీసుకుని, ఈ దేశంలో ఎవరైనా అధ్యక్షుడు కావచ్చునని ఓదారుస్తుంది. ఆపైన కల. కుర్రవాడు నిజంగానే అధ్యక్షుడవుతాడు.

తిరుగుబాటుకు ఎంత చోటున్న వస్తువు! కాని ఆ కలలో ఉన్నవేమిటి? ఓటేసిన ప్రతిసారీ రెండు పందిమాంసపు ముక్కలిస్తామనే బోర్డు, పుచ్చకాయలు, కోళ్ళు. నల్లవాడు తిండికి ఓటమ్ముకుంటాడన్నది ఇక్కడి హాస్యం. వాస్తవం వేరు. దక్షిణాది రాష్ట్రాల్లో ఓటుకు పన్ను కట్టాలి, అక్షరజ్ఞాన పరీక్ష నెగ్గాలి. వాటికీ లొంగనివాళ్ళకు దౌర్జన్యం కాచుకునుండేది. 1965లో ఓటుహక్కు చట్టం వచ్చేదాకా అక్కడ అత్యధికులకు అమ్ముకుందామన్నా ఓటు లేదు. దోచుకున్నవాడే దోపిడికి గురైనవాణ్ణి చూపించి నవ్వించడమంటే ఇదే. 2008లో ఒబామా ఎన్నికయ్యాడు కనక దీన్ని జోస్యమనడం నాకు సమ్మతం కాదు.

అయితే చిత్రాన్ని ఇంతటితో కొట్టిపారెయ్యలేం. రూఫస్‌గా వేసిన ఏడేళ్ళ శామీ డేవిస్ జూనియర్ ఆడుతుంటే కథ మర్చిపోతాం. తల్లి ఎథెల్ వాటర్స్. అప్పటికే పేరుమోసిన గాయని. ఆమె ఇందులో పాడిన 'అండర్‌నీత్ ది హార్లెమ్ మూన్' 1932లో మాక్ గోర్డన్, హారీ రెవెల్ కట్టిన పాట. నల్లవాళ్ళ బతుకు పనీపాటా లేని కులాసా అని బయటినుంచి చూసి రాసింది. వాటర్స్ మాటలు మార్చింది. 'వాళ్ళు' అన్నచోట 'వుయ్' అని పాడింది. ఒక్క సర్వనామం మారేసరికి వెక్కిరింత కాస్తా సొంత గొంతయింది.

విద్యార్థులకు ఇక్కడ నేనొక సమస్య ఇస్తుంటాను. ఇంగ్లీషులో ఒక్కటే 'వుయ్'. మనకు 'మేము', 'మనము' రెండున్నాయి. దేన్ని ఎంచుకోవాలి? 'మనము' అంటే ఎదుట కూర్చున్న తెల్ల ప్రేక్షకుడూ లోపలికొస్తాడు. ఆమె అతన్ని కలుపుకుందని నాకనిపించదు. నేనైతే 'మేము' అనే రాస్తాను.