ముక్కకు ముక్క: బిట్‌టొరెంట్ బేరం

2000 ఆగస్టులో జిరాక్స్ పార్క్ పరిశోధకులు ఎయ్‌తాన్ అడార్, బెర్నార్డో హ్యూబర్‌మన్ నుటెల్లా నెట్‌వర్క్‌ను ఒక రోజంతా గమనించి లెక్కలు తీశారు. కేంద్ర సర్వరు లేకుండా ఫైళ్లు ఒక కంప్యూటరు నుంచి మరొకదానికి నేరుగా చేరే నెట్‌వర్క్ అది. అందులో దాదాపు 70 శాతం మంది ఒక్క ఫైలు కూడా పంచడం లేదు. అడిగినవారికి అందుతున్న జవాబుల్లో దాదాపు సగం, పంచేవారిలో అగ్రభాగాన ఉన్న ఒక్క శాతం నుంచే వస్తున్నాయి. సర్వర్లు అక్కర్లేదన్నది పేరుకే. ఆ ఒక్క శాతమే సర్వర్ల చాకిరీ చేస్తోంది.

ఇందుకు జనాన్ని నిందించి ప్రయోజనం లేదు. ఫైలు దింపుకొన్నవాడికి పని జరిగిపోయింది. పంచాలంటే కంప్యూటరు నడుస్తూ ఉండాలి, కనెక్షన్‌లో ఎంతో కొంత పరాయివాళ్లకు వదులుకోవాలి. వదులుకోకపోతే పోయేదేమీ లేదు. దీన్ని సరిచేయబోయి కజా అనే మరో ఫైళ్ల పంపిణీ ప్రోగ్రాము ప్రతివారికీ మార్కులు పెట్టింది. దింపుకొన్నదానికీ పంచినదానికీ ఉన్న నిష్పత్తిని బట్టి మార్కు, మార్కును బట్టి వరుసలో చోటు. అయితే ఆ మార్కు కట్టేది వినియోగదారు సొంత కంప్యూటరులోని సాఫ్ట్‌వేరే. దాన్ని ఎవరో మార్చి కజా లైట్ అని వదిలారు. అందులో ఎవరికైనా ఎప్పుడూ గరిష్ఠ మార్కే, 1000! దొంగ చేతికి తాళాలిచ్చినట్టయింది.

2001లో బిట్‌టొరెంట్ అనే ఫైళ్ల పంపిణీ పద్ధతిని రూపొందించిన బ్రామ్ కోహెన్ అంతకుముందు మోజో నేషన్ అనే ఇలాంటి వ్యవస్థపై పనిచేశాడు. అక్కడ పంచినవారికి ప్రతిఫలంగా ఒక డిజిటల్ నాణెం ముట్టేది. తన రూపకల్పనలో అతడు నాణేన్నీ మార్కునూ కూడా పక్కన పెట్టి వస్తుమార్పిడితో సరిపెట్టాడు.

ఫైలును ముక్కలు చేస్తారు. తొలి రోజుల్లో ముక్క ఒక్కొక్కటి సాధారణంగా 256 కిలోబైట్లు ఉండేది. ఒక ముక్క చేతికి రాగానే, మిగతావి ఇంకా రాకపోయినా, దాన్ని ఇతరులకు ఇవ్వవచ్చు. ప్రతి కంప్యూటరూ మామూలుగా నలుగురికే అప్‌లోడ్ చేస్తుంది, అదీ తనకు ఎక్కువ వేగంతో ఇస్తున్నవారికి. పది సెకన్లకోసారి ఆ జాబితాను తిరగరాస్తుంది. చూసేది గత 20 సెకన్ల సగటు వేగం మాత్రమే. మన పెళ్లిళ్లలో చదివింపుల పద్దు పాతికేళ్ల తర్వాత కూడా తీసి చూస్తారు; ఇక్కడ అరనిమిషం కిందటి ఉపకారానికి విలువ లేదు. ఈ మతిమరుపే దాని బలమని నా అభిప్రాయం. పాత లెక్కలు అక్కర్లేదు, ఇప్పుడు నీకెంత వేగంతో అందుతోందో నువ్వే కొలుచుకుంటావు కనుక అవతలివాడి మాట నమ్మే అవసరమే రాదు.

మరి కొత్తగా చేరి, ఇవ్వడానికి ఏమీ లేనివాడి సంగతి? అందుకే ఒక చోటును లెక్క చూడకుండా ఎవరో ఒకరికి ఇస్తారు. 30 సెకన్లకోసారి ఆ చోటు చేతులు మారుతుంది. కొత్తవాడికి తొలి ముక్క దొరికేది చాలావరకు ఇలాగే. పాతవాడికి కూడా ఇప్పుడున్నవారికంటే మెరుగైన జత తగలవచ్చు. దీనికి తోడు, గుంపులో అరుదుగా ఉన్న ముక్కనే ముందు తెచ్చుకోవాలన్నది నియమం. అరుదైన సరుకు చేతిలో ఉంటే అడిగేవారికి కొదవుండదు, బేరం ఆగదు.

లోపాలు లేకపోలేదు. 2006లో జ్యూరిక్ ఈటీహెచ్ పరిశోధకులు బిట్‌థీఫ్ అనే ప్రోగ్రామును తయారుచేశారు. అది ఎవరికీ ఏమీ ఇవ్వదు. వీలైనంత ఎక్కువమందితో కలిసి, ఆ ఉచితపు చోట్లనూ, ఫైలు మొత్తం ఉండి ఇతరులకు ఇస్తూ ఉండే సీడర్లనూ పట్టుకుని ఫైలు మొత్తం లాగేస్తుంది. మరుసటేడు వాషింగ్టన్ విశ్వవిద్యాలయం బృందం బిట్‌టైరెంట్ అనే తమ ప్రోగ్రాముతో ఇంకో విషయం చూపింది. వేగవంతమైన కనెక్షన్లున్నవారు తమకు తిరిగి వచ్చేదానికి అవసరమైనదానికంటే చాలా ఎక్కువ ఇచ్చేస్తున్నారట. బిట్‌టొరెంట్ జోరులో కొంత బేరానిదైతే, కొంత ఈ అనుకోని దాతృత్వానిది.

ఫైలు పూర్తయ్యాక ఆ బేరం కూడా ముగుస్తుంది. సీడరుగా నిలబడి ఇవ్వడానికి ప్రోటోకాల్‌లో ప్రతిఫలమేదీ లేదు. ఈ లోటు పూడ్చడానికే ప్రైవేటు ట్రాకర్లు, అంటే ఫైలు పంచుకునేవారిని ఒకరితో ఒకరిని కలిపే, సభ్యులకే పరిమితమైన సర్వర్లు, సభ్యులకు అప్‌లోడ్, డౌన్‌లోడ్ నిష్పత్తిని విధిస్తాయి. తగ్గితే సభ్యత్వం పోతుంది. వాటిలో సీడర్లు దండిగా దొరికే మాట నిజమే. కానీ ఎంత ఇచ్చాడో ట్రాకరుకు చెప్పేది మళ్లీ సభ్యుడి సొంత సాఫ్ట్‌వేరే. లేని అప్‌లోడ్‌ను ఉన్నట్టు చెప్పే ప్రోగ్రాములు పుట్టుకొచ్చాయి, వాటిని పట్టుకోవడం నిర్వాహకులకు అదనపు పని అయింది.