నూనె పీల్చిన బాల్సా: మోడల్ విమానం ముక్కుకు మరమ్మతు

గ్లో ఇంజిన్‌తో ఎగిరే మోడల్ విమానం నేలకు తగలకపోయినా ఏళ్లు గడిచేకొద్దీ పాడవుతుంది. ముందుగా చెడేది ముక్కు భాగం. ఇంజిన్ తాగే ఇంధనంలో ఎక్కువ పాలు మిథనాల్, కొంత నైట్రోమీథేన్, సుమారుగా ఐదో వంతు కందెన నూనె ఉంటాయి. మిథనాల్ మండిపోతుంది. నూనె మాత్రం చాలావరకు మండకుండానే సైలెన్సర్ గొట్టంలోంచి బయటికి వచ్చేస్తుంది. 300 మిల్లీలీటర్ల ట్యాంకులో 20 శాతం నూనె ఉంటే, ఒక్కసారి ఎగిరి దిగేసరికి దాదాపు 60 మిల్లీలీటర్ల నూనె బయటపడినట్టే. అందులో ఎక్కువ భాగం గాలిలో కొట్టుకుపోతుంది. మిగిలినది విమానం పక్కల మీద జిడ్డుగా పేరుకుని, స్క్రూ రంధ్రాల్లోంచి, పైన అతికించిన ప్లాస్టిక్ ఫిల్మ్ అంచుల కిందనుంచి లోపలి బాల్సా చెక్కలోకి దిగుతుంది.

ఆ నూనె చాలాకాలం పాటు ఆముదమే. మొదటి ప్రపంచ యుద్ధం నాటి రోటరీ ఇంజిన్ల అసలు విమానాలూ ఆముదంతోనే నడిచాయి. 1947లో అమెరికాలో రే ఆర్డెన్ ఇంధనాన్ని వెలిగించే గ్లో ప్లగ్‌ను మార్కెట్లోకి తెచ్చాక, మిథనాల్‌తో నడిచే చిన్న ఇంజిన్లకూ అదే కందెన అయింది. వంటనూనెలు మిథనాల్‌లో సరిగా కలవవు, ఆముదం కలుస్తుంది. పాలమూరు, నల్లగొండ మెట్ట పొలాల్లో పండే గింజల నూనెకున్న ఈ గుణం మరమ్మతుకూ పనికొస్తుంది: ఆల్కహాల్‌లో కరిగే నూనెను ఆల్కహాల్‌తోనే బయటికి లాగవచ్చు. ఇప్పుడు చాలా ఇంధనాల్లో సింథటిక్ నూనె ఒక్కటే గానీ, ఆముదంతో కలిపి గానీ వాడుతున్నారు. తాజాగా ఉన్నంతవరకు వీటినీ ఆల్కహాల్ కరిగిస్తుంది. వేడికి మాడి గోధుమరంగు వార్నిష్‌లా గట్టిపడిన పాత ఆముదం మాత్రం అంత తేలిగ్గా కరగదు. దానికి అసిటోన్ కావాలి.

బాల్సా ఇంతగా నూనె తాగడానికి కారణం దాని తేలికదనమే. ఘనమీటరు బాల్సా బరువు సాధారణంగా 160 కిలోల దగ్గర ఉంటుంది. టేకు ఇంచుమించు దానికి నాలుగింతలు. పలుచని గోడలున్న పెద్ద కణాలతో, లోపలంతా ఖాళీలే ఉన్న చెక్క ఇది. కోసిన అంచు దగ్గర నాళాల నోళ్లు తెరుచుకుని ఉంటాయి కాబట్టి నూనె అక్కడినుంచే వేగంగా లోపలికి పాకుతుంది. నూనె వల్ల చెక్క కుళ్లిపోదు. కానీ మెత్తబడుతుంది, బరువెక్కుతుంది, అన్నిటికన్నా ముఖ్యంగా జిగురును పట్టనివ్వదు. జిగురు పనిచేయాలంటే నారల మధ్యకు దిగాలి. అక్కడ నూనె నిండి ఉంటే ఎంత ఖరీదైన జిగురైనా పైపొరగా ఆరి, కొద్ది కుదుపుకే పెళ్లలా లేచిపోతుంది. నూనె పూర్తిగా తీయకుండా అతికించడం కన్నా అతికించకపోవడమే నయం. అతికినట్టు కనిపించే కీలు ఆకాశంలో విడిపోతుంది.

పని మొదలుపెట్టే ముందు నూనె ఎటునుంచి వచ్చిందో తేల్చుకోవాలి. ట్యాంకు చీలిందా, గొట్టం పగిలిందా, ఇంజిన్ మౌంట్ బోల్టుల రంధ్రాలు తెరిచి ఉన్నాయా చూడాలి. ఆ దారి మూయకుండా చేసిన మరమ్మతు ఎక్కువ కాలం నిలవదు. తర్వాత ఇంజిన్, ట్యాంకు, రేడియో సామగ్రి విప్పి పక్కన పెట్టాలి. ఇస్త్రీ చేసి అతికించిన ఫిల్మ్‌ను మచ్చ దాటి మంచి చెక్క కనిపించేదాకా ఒలచాలి. ఫిల్మ్ కింద నూనె పైకి కనిపించేదానికన్నా చాలా దూరం పాకి ఉంటుంది.

ఇక్కడ చాలామంది గరుకు కాగితం అందుకుంటారు. అది తొందరపాటు. జిడ్డు చెక్కను రుద్దితే కాగితం పూడుకుపోతుంది, నూనెతో కలిసిన పొడి నారల్లోకి ఇంకా దిగుతుంది. ముందు నూనె తీయాలి. పట్టుచీర మీద నూనె మరక పడితే పౌడర్ చల్లి పీల్పించే పద్ధతే ఇక్కడా పనిచేస్తుంది. మొక్కజొన్న పిండిని గానీ టాల్కం పౌడర్‌ను గానీ ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో ముద్దగా కలిపి, మచ్చ మీద దట్టంగా పట్టించాలి. ఆల్కహాల్ చెక్కలోకి దిగి నూనెను కరిగిస్తుంది. ఆరేటప్పుడు పైకి వస్తూ దాన్ని తనతో లాక్కొస్తుంది. ఆల్కహాల్ ఆవిరైపోతే నూనె పొడిలో ఉండిపోతుంది. తొలిసారి ఆరిన పొడి పసుపు, గోధుమ రంగుల్లో గడ్డకట్టి ఉంటుంది. దాన్ని బ్రష్‌తో దులిపి మళ్లీ పట్టించాలి. ప్రతిసారీ రంగు తగ్గుతూ వస్తుంది. ఆరిన పొడి తెల్లగా, వదులుగా రాలేదాకా చేస్తూనే ఉండాలి. ముదిరిన మచ్చకు ఇది రోజుల పని. తొందరపడే వీల్లేదు.

ఆల్కహాల్ పూర్తిగా ఆరిన తర్వాత హీట్ గన్‌తో కొద్దిగా వేడిచేస్తే, లోతున మిగిలిన నూనె పలచబడి చెమటలా పైకి ఊరుతుంది. టిష్యూ కాగితంతో అద్ది తీయాలి. వేడి ఎక్కువైతే పక్కనున్న ఎపాక్సీ కీళ్లు మెత్తబడతాయి. ఆల్కహాల్, అసిటోన్ ఆవిర్లు ఇట్టే అంటుకుంటాయి కాబట్టి తడి ఉండగా హీట్ గన్ దగ్గరికి తేకూడదు. గాలి ఆడే చోటే పని చేయాలి. అసిటోన్ తగిలితే థర్మోకోల్ రెక్కలు కరిగిపోతాయి. కిరోసిన్ జోలికి వెళ్లకూడదు. అది తనే జిడ్డు మిగులుస్తుంది.

నూనె పోయిందో లేదో ఒక నీటిచుక్క చెబుతుంది. శుభ్రమైన బాల్సా దాన్ని పీల్చుకుంటుంది. నూనె మిగిలి ఉంటే చుక్క పూసలా నిలుస్తుంది.

ఎంత తీసినా చెక్క గోరుకు మెత్తగా దిగబడుతుంటే దాన్ని కోసి తీసేయడమే దారి. కోత ఏటవాలుగా ఉంటే జిగురు పట్టే వైశాల్యం పెరుగుతుంది. కొత్త ముక్క అదే మందంలో, నార అదే దిక్కులో ఉండాలి. ఇంజిన్‌ను మోసే ప్లైవుడ్ పలక, అంటే ఫైర్‌వాల్, పొరలు విడిపోతుంటే దాన్ని కాపాడాలని చూడకుండా కొత్తది వేయాలి. పాత జిగురంతా గీకి, నిదానంగా గట్టిపడే 30 నిమిషాల ఎపాక్సీ వాడాలి. 5 నిమిషాలది నారల్లోకి దిగేలోపే గట్టిపడుతుంది. నీటితో చేసిన తెల్ల జిగురు, చటుక్కున పట్టే సీఏ (సయనోఅక్రిలేట్) జిగురు ఇక్కడ నమ్మదగినవి కావు. పక్క గోడల్లోంచి ఫైర్‌వాల్ అంచులోకి సన్నటి రంధ్రాలు చేసి, ఎపాక్సీ పూసిన వెదురు పుల్లలు దిగగొడితే, జిగురు వదిలినా పలక ఊడిరాదు. లోపలి మూలల్లో మూడు పలకల బాల్సా కడ్డీలు అతికిస్తే ఇంకా గట్టిగా ఉంటుంది.

చివరగా ముక్కు లోపలంతా, ట్యాంకు గదితో సహా, పలుచగా ఎపాక్సీ పూయాలి. స్క్రూ రంధ్రాల్లో పలుచని సీఏ చుక్క వేసి ఆరనివ్వాలి. కొత్త ఫిల్మ్ అంచు పాతదాని మీదికి కొంత వచ్చేలా ఇస్త్రీ చేయాలి. ఇక ఎగరేసిన ప్రతిసారీ ట్యాంకు ఖాళీచేసి, ఆల్కహాల్ గుడ్డతో జిడ్డు తుడిస్తే చాలు.

మరమ్మతు చేసిన విమానాన్ని ఎగరేసే ముందు, ఆగి ఉన్న ఇంజిన్‌ను గట్టిగా పట్టుకుని నాలుగు దిక్కులా ఊపి చూడండి. ఫైర్‌వాల్ దగ్గర వెంట్రుకంత కదలిక కనిపించినా స్టార్ట్ చేయకండి.