బరువు మోసే బొగ్గు

కమ్మరి కొలిమికి కట్టెబొగ్గు చాలు. తాటిచెట్టును మించి లేచే బ్లాస్ట్ ఫర్నేసుకు చాలదు. పైనున్న ఇనుప ఖనిజం బరువుకు అది నలిగి పొడైపోతుంది, వేడిగాలికి దారి మూసుకుపోతుంది. రాక్షసిబొగ్గేమో వేడికి మెత్తబడి ముద్దకడుతుంది, పైగా దానిలోని గంధకం ఇనుమును పెళుసుగా చేస్తుంది. అంత మంటలోనూ మెత్తబడకుండా బరువు మోస్తూ, గాలికి సందిచ్చే ఇంధనం, రాక్షసిబొగ్గును కాల్చి చేసే కోక్.

1709లో ఇంగ్లండులోని కోల్‌బ్రూక్‌డేల్‌లో అబ్రహాం డార్బీ కోక్‌తో ఇనుము కరిగించాడు. కుర్రతనంలో ఆయన మాల్ట్ మిల్లులు చేసే పని నేర్చుకున్నాడు. మొలకెత్తిన బార్లీకి బొగ్గుపొగ కంపు అంటకుండా దాన్ని కోక్ సెగ మీద ఆరబెట్టడం ఆ దేశంలో అప్పటికే ఉంది. కోల్‌బ్రూక్‌డేల్ బొగ్గులో గంధకం తక్కువ కావడమూ కలిసొచ్చింది. అడవులు నరకకుండానే ఇనుము పుట్టింది.

మొదట్లో కోక్ కోసం బొగ్గును కుప్పపోసి కాల్చేవారు. తర్వాత బోర్లించిన కుండల్లాంటి బట్టీలు వచ్చాయి. రెండింటిలోనూ గ్యాసు, తారు గాలిపాలే.

కోక్ తయారుచేసే ఇప్పటి ఓవెన్ గాలి చొరబడని ఇరుకు గది. విశాఖ ఉక్కు కర్మాగారంలో దాని ఎత్తు 7 మీటర్లు, వెడల్పు అర మీటరైనా లేదు. సెగ రెండు పక్కగోడల నుంచే రావాలి, బొగ్గులో వేడి త్వరగా పాకదు. అందుకే ఆ ఇరుకు. 400 డిగ్రీలు దాటేసరికి గోడల పక్కనున్న బొగ్గు జావలా మారుతుంది, గ్యాసు బుడగలతో పొంగుతుంది, 500 దగ్గర మళ్లీ గట్టిపడుతుంది. ఆ బుడగల గుర్తులే కోక్‌లోని రంధ్రాలు. రెండు గోడల నుంచి ఈ జావపొరలు ఎదురెదురుగా జరుగుతూ నడుమ కలుస్తాయి. కలిసిన చోట నిలువునా ఒక చీలిక మిగులుతుంది. పుషింగ్ వేళ తలుపు తీసి నెడితే, ఎర్రగా మండే కోక్ దిమ్మ ఎదుటి బండిలో కుప్పకూలుతుంది. విశాఖలో దాన్ని చల్లార్చేది ముఖ్యంగా నైట్రోజన్. ఆ వేడితో ఆవిరి, ఆవిరితో కరెంటు పుడతాయి.

మన సింగరేణి బొగ్గుకు ఈ జావయ్యే గుణం లేదు. అందుకే విశాఖకు కోకింగ్ బొగ్గు ఎక్కువగా ఆస్ట్రేలియా వంటి దేశాల నుంచి ఓడల్లో వస్తుంది.

ఓవెన్‌లో పుట్టే గ్యాసు ఇప్పుడు గాలిపాలు కాదు, ఫర్నేసులను మండిస్తుంది, దానిలోని అమ్మోనియా ఎరువై పొలం చేరుతుంది. తలుపుల సందుల్లోంచి కారే పొగ మాత్రం అక్కడ పనిచేసేవాళ్ల ఊపిరితిత్తుల్లోకి పోతుంది. దానివల్ల క్యాన్సర్ వస్తుందని రుజువైంది. ఉక్కు గురించి రాసేటప్పుడు వాళ్లను వదిలేయడం నాకు ఇష్టం లేదు. ఓవెన్‌ను ఆపి చల్లారిస్తే దాని గోడల్లోని సిలికా ఇటుకలు బీటలు వారతాయి. అందుకే పండగ రోజు కూడా ఎవరో ఒకరు ఆ సెగ పక్కన ఉండాల్సిందే.