పికప్ బండి మీద సీబీ రేడియో యాంటెన్నా: కొనేముందు, బిగించేముందు

పోయినసారి తిరుమల పాదయాత్రలో పలమనేరు దాటి మొగిలి ఘాట్ దిగేటప్పుడు జరిగింది సభ్యులు చాలామందికి గుర్తుండే ఉంటుంది. వంటసామాను పికప్ ముందు నడుస్తోంది. మంచినీళ్ళు, మందుల సంచులు ఉన్న పికప్ వెనక ఎక్కడో ఉంది. ముందు బండి పక్కనే నడుస్తున్న ఒక పెద్దాయనకు ఆయాసం వచ్చి రోడ్డు పక్కన కూలబడ్డారు. ఆయన ఇన్‌హేలర్ వెనక బండిలో ఉంది. డ్రైవరుకు ఫోన్ చేస్తే కలవలేదు. నలభై నిమిషాల తర్వాత ఆ బండి తనంతట తాను వచ్చేదాకా మేము ఆయన వీపు రాస్తూ కూర్చున్నాం. దేవుడి దయవల్ల గండం గడిచింది.

తర్వాతి కార్యవర్గ సమావేశంలో రెండు పికప్‌లకూ సీబీ రేడియోలు పెట్టాలని తీర్మానం చేశాం. అది తెలిసినప్పటి నుంచి సొంత పికప్‌లు ఉన్న మనవాళ్ళు, ముఖ్యంగా మదనపల్లె, కోలారు వైపు నుంచి కూరగాయలు తోలేవాళ్ళు, అదేమిటి, ఎలా బిగించాలి అని అడుగుతూనే ఉన్నారు. ఒక్కొక్కరికీ ఫోన్లో చెప్పేకన్నా ఇక్కడ రాస్తే నయమనిపించింది. మేము ఇంజనీర్లం కాము. ఒక సెట్టు కాల్చుకుని నేర్చుకున్నవాళ్ళం.

ముందు చట్టం సంగతి. అమెరికాలో లారీ డ్రైవర్లు 1970ల నుంచి విరివిగా వాడిన రేడియో ఇదే. మన దేశంలో 2005 నిబంధనల ప్రకారం 26.957 నుంచి 27.283 మెగాహెర్ట్జ్ వరకు, 5 వాట్లకు మించని సీబీ పరికరాలకు లైసెన్సు అక్కర్లేదు. ఆ 5 వాట్లు యాంటెన్నా నుంచి బయటికి పోయే శక్తి లెక్క. అందుకని బయట యాంటెన్నా పెట్టదలిచినవారు కేంద్ర టెలికాం శాఖలోని డబ్ల్యూపీసీ విభాగం ఉత్తర్వును, షరతులతో సహా, ఒకసారి పూర్తిగా చదవాలి. డబ్బు పెట్టిన తర్వాత చదివి లాభం లేదు.

ఇంకో మెలిక ఉంది. అమెరికా నుంచి పిల్లలు తెచ్చే సెట్లలో 40 ఛానళ్ళు ఉంటాయి. ఒకటో ఛానల్ 26.965, నలభయ్యోది 27.405. మన హద్దు 27.283 కదా, లెక్క వేసి చూడండి. 27వ ఛానల్ 27.275 దగ్గర ఉంది, 28వది 27.285. అంటే 28 నుంచి పైవన్నీ మనకు హద్దు దాటినట్టే. అలాగే కొన్ని సెట్లలో ఎస్ఎస్‌బీ అనే పద్ధతి ఉంటుంది, అందులో 12 వాట్ల దాకా పోతుంది. దాన్ని ముట్టుకోవద్దు. మామూలు ఏఎం పద్ధతిలో 4 వాట్లే. మా రెండు బండ్లలోనూ డయల్ పక్కన 27 దాటవద్దని తెలుగులో చీటీ అంటించాం.

ఇక యాంటెన్నా. ఈ రేడియో అల పొడవు సుమారు 11 మీటర్లు. యాంటెన్నా బాగా పనిచేయాలంటే అందులో నాలుగో వంతు, అంటే రెండు ముప్పావు మీటర్లు, తొమ్మిది అడుగుల కడ్డీ కావాలి. పికప్ క్యాబిన్ కప్పే ఆరడుగుల ఎత్తు. దాని మీద తొమ్మిది అడుగులు నిలబెడితే పదిహేను అడుగులు. మన బెంగళూరు వీధుల్లో ఆ ఎత్తున కేబుల్ టీవీ వైర్లు, ఇంటర్నెట్ వైర్లు, చెట్ల కొమ్మలు, కొన్నిచోట్ల వేలాడే కరెంటు తీగలు కూడా ఉంటాయి. లోహపు కడ్డీ కరెంటు తీగకు తగిలితే ప్రమాదం రేడియోకు కాదు, బండిలో ఉన్నవాళ్ళకు. కాబట్టి పొడవు కడ్డీ వద్దన్నాం.

పొట్టి యాంటెన్నాలో, తగ్గిన పొడవుకు బదులుగా తీగను చుట్టగా చుడతారు. ఆ చుట్ట అడుగున ఉండేవి, మధ్యలో ఉండేవి, పైకొసన ఉండేవి అని మూడు రకాలు. చుట్ట ఎంత పైన ఉంటే అంత మేలు. కడ్డీలో ఎక్కువ కరెంటు పారే కింది భాగం అప్పుడు ఖాళీగా ఉండి అలలను బాగా వదులుతుంది. మేము తీసుకున్నది నాలుగడుగుల ఫైబర్‌గ్లాస్ కడ్డీ, తీగ చుట్ట పైభాగంలో ఉన్నది. రెండడుగులవి కూడా దొరుకుతాయి, చూడ్డానికి ముచ్చటగా ఉంటాయి, దూరం మాత్రం పోవు. కడ్డీ అడుగున స్ప్రింగు తప్పనిసరి. కొసకు రబ్బరు టోపీ కూడా పెట్టండి. పికప్ ఎక్కి దిగే పిల్లల కళ్ళు అదే ఎత్తులో ఉంటాయి.

ఎక్కడ బిగించాలన్నదే అన్నిటికన్నా ముఖ్యం. యాంటెన్నాకు కడ్డీ సగమైతే, బండి లోహపు శరీరం మిగతా సగం. కడ్డీ కింద నలువైపులా ఎంత రేకు ఉంటే అంత మంచిది. ఆ లెక్కన క్యాబిన్ కప్పు నడిమధ్య ఉత్తమం. అక్కడ రంధ్రం పెట్టడం ఇష్టం లేనివారు అయస్కాంతం అడుగు ఉన్నది వాడవచ్చు. అది ఇనుప రేకుకే అంటుకుంటుంది. వారానికోసారి తీసి అడుగున దుమ్ము తుడవకపోతే పెయింట్ గీసుకుపోతుంది.

చాలామంది చేసే పొరపాటు, వెనక తొట్టి పక్కపలకకు బిగించడం. మన పికప్‌ల పక్కపలకలు సరుకు దించడానికి కిందికి వాలుతాయి కదా. వాటికి ఛాసిస్‌తో కలయిక కీలుతోనే. కీలులో తుప్పు, గ్రీసు, రంగు. అక్కడ బిగిస్తే రేడియోకు నేల లేనట్టే. క్యాబిన్ వెనక నిలువుగా ఉండే ఇనుప గ్రిల్లు దానికన్నా ఎంతో మేలు. అదికూడా రబ్బరు బుష్‌ల మీద కూర్చుని ఉంటే అల్లిన రాగి పట్టీతో ఛాసిస్‌కు కలపాలి, కలిపేచోట రంగు గీకి లోహం కనబడేలా చేయాలి. కడ్డీలో సగానికి పైగా క్యాబిన్ కప్పుకన్నా ఎత్తులో ఉండాలి. టార్పాలిన్ కోసం ఇనుప కమానులు ఉన్న బండిలో వాటిమధ్య యాంటెన్నా నిలబెట్టడం దండగ.

మా సెట్టు కాలింది ఇక్కడే. యాంటెన్నా అడుగు బోల్టుకూ అది కూర్చునే ఇనుప పట్టీకీ మధ్య చిన్న నైలాన్ వాషరు ఉంటుంది. లోపలి తీగ బండి బాడీకి తగలకుండా కాచేది అదే. బిగించేటప్పుడు అది వదులుగా ఉందనిపించి, ఎందుకులే అని మేమే తీసేసి ఇనుప వాషరు వేశాం. బటన్ నొక్కి రెండు నిమిషాలు మాట్లాడేసరికి రేడియోలోని ట్రాన్సిస్టర్ పోయింది. పంపిన శక్తి బయటికి పోయే దారిలేక వెనక్కి వచ్చిందన్నమాట. ఇరవై రూపాయల వాషరు, వేల రూపాయల సెట్టు. బిగించాక మల్టీమీటర్‌తో చూడండి: ఇనుప పట్టీకీ ఛాసిస్‌కూ మధ్య దాదాపు సున్నా ఓమ్‌లు రావాలి. పట్టీకీ నడిమి తీగకూ మధ్య కలయిక ఉండకూడదు. కొన్ని రకాల యాంటెన్నాల్లో చుట్టద్వారా కలయిక ఉంటుంది, కాబట్టి పెట్టెలోని కాగితం చూసుకోవాలి.

కేబుల్ 50 ఓమ్‌లది, ఆర్‌జీ-58 అని అడగండి, ఎస్పీ రోడ్డులో దొరుకుతుంది. ఇంట్లో మిగిలిన టీవీ కేబుల్ వాడొద్దు, అది 75 ఓమ్‌లది. మిగిలిన కేబుల్‌ను గుండ్రంగా బిగించి చుట్టకుండా వదులుగా మడిచి సీటు వెనక పెట్టాలి. తలుపు సందులో నలగనివ్వకూడదు. కరెంటు నేరుగా బ్యాటరీ నుంచి ఫ్యూజుతో తీసుకోవాలి. పికప్‌లో 12 వోల్టులు ఉంటాయి, పెద్ద లారీల్లో 24. పికప్ సెట్టును లారీకి అరువిచ్చే అలవాటు ఉన్నవారు ఇది గోడమీద రాసుకోవాలి.

చివరగా ఎస్‌డబ్ల్యూఆర్ మీటరు. రేడియోకూ యాంటెన్నాకూ మధ్య తగిలించి, ఎంత శక్తి వెనక్కి వస్తోందో చూసే పెట్టె ఇది. బేస్‌మెంట్ పార్కింగులో కాదు, గోడలూ తీగలూ లేని మైదానంలో, తలుపులు మూసి కొలవాలి. మన హద్దు ప్రకారం 1, 14, 27 ఛానళ్ళలో చూడాలి. 1లో ఎక్కువ, 27లో తక్కువ వస్తే కడ్డీ పొట్టిగా ఉందని అర్థం, కొస మరను పైకి తిప్పాలి. తారుమారైతే కిందికి. ఒకటిన్నర లోపు వస్తే సంతోషం, రెండు దాకా పరవాలేదు. మూడు దాటితే బటన్ నొక్కకుండా ఎక్కడ తప్పు జరిగిందో వెతకాలి. ఎక్కువసార్లు అది నేల కలవకపోవడమే.

ఇంత చేసినా మైదానంలో ఐదారు కిలోమీటర్లు, ఘాట్ మలుపుల్లో రెండు మూడు కిలోమీటర్లకు మించి ఆశపడొద్దు. మన రెండు బండ్ల మధ్య దూరం అంతే కాబట్టి మాకు సరిపోతుంది. ఇంకా దూరం కావాలంటే దారి వేరు. పరీక్ష రాసి హామ్ లైసెన్సు తీసుకోవాలి. 2004 డిసెంబరులో సునామీ వచ్చినప్పుడు, అప్పటికే పోర్ట్ బ్లెయిర్‌లో రేడియో పెట్టుకుని ఉన్న భారతీ ప్రసాద్ అండమాన్ కబుర్లు బయటికి చేరవేసింది హామ్ రేడియోతోనే. హామ్‌లు వాడే 145 మెగాహెర్ట్జ్ దగ్గర నాలుగో వంతు కడ్డీ అర మీటరే, ఏ కొమ్మకూ తగలదు. కుర్రవాళ్ళెవరైనా పరీక్షకు కూర్చుంటే పుస్తకాల ఖర్చు సంఘం భరిస్తుంది. అయితే హామ్ సెట్టు వేరు, సీబీ వేరు. ఒకదాన్ని కొని రెండోదానితో మాట్లాడాలనుకోవద్దు.

ఎస్‌డబ్ల్యూఆర్ మీటరు సంఘం ఆఫీసులో ఉంది. సభ్యులు ఆదివారాలు వచ్చి తీసుకెళ్ళవచ్చు, రిజిస్టరులో సంతకం పెట్టి. పోయిన నెల తీసుకెళ్ళిన ఇద్దరు దాని చిన్న కేబుల్ ముక్క తిరిగి ఇవ్వలేదు. దయచేసి వెతకండి, అది లేకపోతే మీటరుతో పని జరగదు.