జంట అచ్చు నాణెమా? అచ్చు అదిరిన నాణెమా?

అంకెలు రెండుగా కనిపించినంత మాత్రాన లక్షలు రావు

పాత నాణేలకు వేలు, లక్షలు ఇస్తారన్న మాట ఇప్పుడు పల్లెపల్లెకూ పాకింది. పోపుల డబ్బాలో, దేవుడి గూట్లో ఏళ్ల తరబడి పడి ఉన్న చిల్లరను బయటికి తీసి, అంకెలు ఎక్కడైనా రెండేసిగా పడ్డాయేమోనని వెతుకుతున్నవారు ఎందరో. అమెరికాలో ఉంటున్న పిల్లలు సెలవులకు వచ్చినప్పుడు తెచ్చి ఇచ్చిన రాగిరంగు సెంటు బిళ్లలు కూడా ఈ చిల్లరలో ఉంటున్నాయి. రెండుగా కనిపించే అంకెల్లో విలువైన రకం ఒకటి ఉన్నమాట నిజమే. అయితే వెల లేని రకాలే ఎక్కువ. ఈ తేడా తెలియకనే చాలామంది చేతిలోని డబ్బు పోగొట్టుకుంటున్నారు.

అద్దకంలో ఉన్న పోలిక

పెడన కలంకారీ అద్దకం చూసినవారికి ఈ సంగతి తేలికగా బోధపడుతుంది. చెక్క అచ్చు మీద పువ్వునే పొరపాటున జంటగా చెక్కితే, ఆ అచ్చుతో అద్దిన ప్రతి బట్ట మీదా జంట పువ్వే పడుతుంది. అచ్చు సవ్యంగానే ఉండి, అద్దేటప్పుడు చెయ్యి కదిలితే ఆ ఒక్కచోటే రంగు చెదురుతుంది. అచ్చు బాగా అరిగిపోతే పువ్వు అంచులు అలుక్కుపోయినట్లు పడతాయి. నాణేల్లోనూ ఈ మూడు రకాలే ఉన్నాయి. అచ్చులోనే జంట ముద్ర ఉన్న మొదటి రకానికే పెద్ద ధర. మిగతా రెండూ టంకశాలల్లో మామూలుగా జరిగేవే.

1955లో ఏం జరిగింది?

జంట అచ్చు నాణేల్లో పేరు మోసినది అమెరికాలోని ఫిలడెల్ఫియా టంకశాలలో 1955లో తయారైన లింకన్ బొమ్మ సెంటు. నాణెం ముద్రించే ఉక్కు అచ్చును తయారు చేయడానికి, ఉబ్బెత్తు బొమ్మ ఉన్న మరో ఉక్కు ముద్రతో దాన్ని గట్టిగా నొక్కుతారు. ఆ రోజుల్లో ఒక్క నొక్కుకు బొమ్మ పూర్తిగా దిగేది కాదు. నొక్కుడుకు గట్టిపడిన ఉక్కును కొలిమిలో కాల్చి, మెత్తబరచి మళ్లీ నొక్కేవారు. ఒక అచ్చు విషయంలో రెండవ నొక్కు మొదటిదానికి సరిగ్గా కుదరక కొంచెం పక్కకు తిరిగింది. దానితో సంవత్సరం అంకెలు, అక్షరాలు అచ్చులోనే జంటగా నిలిచిపోయాయి.

తప్పు కనిపెట్టేసరికే ఆ నాణేలు మంచివాటితో కలిసిపోయాయి. మొత్తం రాశిని కరిగించడం దండగని అధికారులు వాటిని అలాగే వదిలివేశారు. ఇలా 20 వేల పైచిలుకు నాణేలు జనంలోకి వెళ్లాయి. సిగరెట్ పెట్టెలు అమ్మే యంత్రాల్లో, పెట్టెతోపాటు ఇచ్చే చిల్లరగా కొన్ని దొరికాయి. వాడకంలో అరిగిన నాణెం కూడా ఇప్పుడు వెయ్యి డాలర్లకు అటూ ఇటూగా పలుకుతోంది. అరగని వాటి ధర ఇంకా ఎక్కువ.

అదే 1955 సెంట్లలో మరో రకం ఉంది. అరిగిన అచ్చు వల్ల వాటిలో సంవత్సరపు చివరి 5 మాత్రమే నీడ పడినట్లు కనిపిస్తుంది. వీటికి ‘బీదవాడి జంట అచ్చు’ అని పేరు పెట్టి అమ్మారు. నిజానికి అవి జంట అచ్చు నాణేలే కావు. వాటి వెల అతి స్వల్పం.

గుర్తుపట్టడం ఎలా?

అయిదు నుంచి పది రెట్లు పెద్దదిగా చూపే భూతద్దం ఉంటే చాలు. నాణేన్ని ఎండలోగానీ దీపం కిందగానీ అటూ ఇటూ తిప్పుతూ చూడాలి.

జంట అచ్చు నాణెంలో రెండు ముద్రలూ ఉబ్బెత్తుగా, గుండ్రంగా ఉంటాయి. అక్షరం మామూలుకన్నా వెడల్పవుతుంది. అక్షరాల కొసల్లో రెండు ముద్రల మధ్య చిన్న చీలిక కనిపిస్తుంది.

ముద్రించే సమయంలో వదులైన అచ్చు అదిరితే, అప్పటికే లేచిన అక్షరం అంచు పక్కకు నొక్కుకుపోతుంది. అక్కడ మెట్టులా చదునైన పట్టీ ఏర్పడి మెరుస్తుంది. అక్షరం వెడల్పు పెరగదు సరికదా, అసలు భాగం సన్నబడుతుంది. ఈ రకం నాణేలు అన్ని దేశాల చిల్లరలోనూ దొరుకుతాయి.

అచ్చు అరిగితే గీతలకు పదును ఉండదు. అంచులు మసకబారి, నీడలా పరుచుకుంటాయి.

మరో పరీక్ష కూడా ఉంది. ఒకే జంట అచ్చు నుంచి వచ్చిన నాణేలన్నిటిలో జంట ముద్ర ఒకే తీరుగా ఉంటుంది. కనుక పేరున్న నాణేల ఫొటోలతో పోల్చి చూడవచ్చు. 1955 అసలు నాణెం వెనుకవైపు, సెంట్ అన్న మాటలోని చివరి అక్షరానికి ఎడమపక్కన సన్నని గీతలు కూడా ఉంటాయి. దీనికి నకిలీలు ఉన్నందువల్ల ఈ గుర్తు ముఖ్యం.

ముందుగా డబ్బు కట్టవద్దు

‘మీ నాణేనికి లక్షలు వస్తాయి, ముందు రుసుము కట్టండి’ అని ఫోన్లు చేసేవారిని నమ్మరాదు. రిజర్వు బ్యాంకు పేరు, ముద్ర చూపి పాత నోట్లు, నాణేల కోసం రుసుము, కమీషన్, పన్ను అడుగుతున్నారని 2021 ఆగస్టులో ఆ బ్యాంకే ప్రజలను హెచ్చరించింది. తాను అలాంటి వ్యవహారాలు చేయనని స్పష్టం చేసింది.

నాణేన్ని చింతపండుతోగానీ, బూడిదతోగానీ తోమకూడదు. తోమితే నిజంగా విలువైన నాణేనికి కూడా ధర పడిపోతుంది. కాగితంలో చుట్టి, తెలిసినవారికి ఎదురుగా చూపించుకోవడం మేలు. నాణెం మంచిదైతే కొనేవాడే డబ్బిస్తాడు. అమ్మేవాడు ఎదురు కట్టవలసిన పని లేదు.