పాత జీపు.. రోడ్డెక్కాలంటే?

నందికొండ: తహసీల్దారు వచ్చినా, పోలీసు అధికారి వచ్చినా, కాలువ గట్టు మీదికి ఇంజినీరు వచ్చినా ఒకప్పుడు పల్లెకు ముందుగా వినిపించేది జీపు చప్పుడే. ఊళ్లోకి జీపు వచ్చిందంటే సర్కారు వచ్చినట్లే లెక్క. 1955 డిసెంబరు 10న ప్రధాని జవహర్‌లాల్ నెహ్రూ నాగార్జున సాగర్‌కు శంకుస్థాపన చేసిన నాటికి ఆ బండి మన దేశంలో తయారు కావడం మొదలై ఎన్నో ఏళ్లు కాలేదు. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీరు వదిలే నాటికి అది ప్రతి ప్రభుత్వ కార్యాలయం ముందూ కనిపించేది. ఆ తరం జీపు ఇంట ఉన్నవారికి ఇప్పుడు రెండే దారులు. తుక్కు కింద తూకానికి అమ్ముకోవడం, లేదా బాగుచేయించి రోడ్డెక్కించడం. రెండో దారి ఎంచుకునేవారు తెలియక చేసే ఒకటి రెండు పొరపాట్లకు మూల్యం మాత్రం ఎక్కువ. ఇంజిన్ మార్చేస్తే వింటేజ్ గుర్తింపు చేజారుతుంది. బ్రేకులను అలక్ష్యం చేస్తే ప్రాణాలకే ముప్పు.

అమెరికా నుంచి బొంబాయికి..

జీపు పుట్టింది అమెరికాలో. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో విల్లీస్, ఫోర్డ్ సంస్థలు కలిసి ఆరు లక్షలకు పైగా జీపులు తయారుచేశాయి. 1949లో మహీంద్రా సంస్థ విల్లీస్ విడిభాగాలను తెప్పించి బొంబాయిలో బండ్లు కూర్చడం ప్రారంభించింది. క్రమేణా విడిభాగాలన్నీ ఇక్కడే తయారయ్యాయి. అమెరికాలో సీజే-3బీ రకం జీపు తయారీ 1968లో నిలిచిపోగా, మన దేశంలో దాని వారసులు ఆ తర్వాత దశాబ్దాల పాటు వస్తూనే ఉన్నాయి.

ఇతర అమెరికా కార్లకు ఈ అదృష్టం దక్కలేదు. జనరల్ మోటార్స్ 1928 నుంచి బొంబాయిలో షెవర్లే కార్లను కూర్చేది. దేశంలోనే తయారీకి పూనుకోని కంపెనీలకు తావు లేదని ప్రభుత్వం తేల్చిచెప్పడంతో 1954 నాటికి జనరల్ మోటార్స్, ఫోర్డ్ రెండూ వెళ్లిపోయాయి. ప్రీమియర్ సంస్థ కూర్చిన డాడ్జ్, ప్లిమత్‌లు, హిందుస్థాన్ మోటార్స్ కూర్చిన స్టుడిబేకర్లు కూడా కాలక్రమంలో కనుమరుగయ్యాయి. వాటికి చిన్న విడిభాగం కావాలన్నా సముద్రాలు దాటి తెప్పించుకోవాలి. జీపు సామాను మాత్రం హైదరాబాద్‌లో నేటికీ వెతికితే దొరుకుతుంది. పల్లెల్లో రోడ్డెక్కే పాత అమెరికా బండి అంటే జీపే కావడానికి కారణం ఇదే.

ముందు బ్రేకు.. తర్వాతే ఇంజిన్

ఏళ్ల తరబడి కదలని బండిని బయటికి తీసినవారు మొదట ఇంజిన్ స్టార్టవుతుందా అని చూస్తారు. అది తలకిందుల వ్యవహారం. నడిచే బండి ఆగకపోతేనే ప్రమాదం. పాత జీపులో నాలుగు చక్రాల బ్రేకులకూ కలిపి మాస్టర్ సిలిండర్‌లో ఉండేది ఒకే గది. ఇప్పటి కార్లలో రెండు గదులుంటాయి కనుక ఒకటి చెడినా రెండోది పనిచేస్తుంది. జీపులో ఒక్క చక్రం దగ్గర గొట్టం తెగినా, వాషర్ కారినా పెడల్ నేలకు తాకుతుంది. నాలుగు చక్రాలూ ఒక్కసారిగా చేతులెత్తేస్తాయి.

బ్రేకు ఆయిలు గాలిలోని తేమను పీల్చుకుంటుంది. ఆ తేమకు సిలిండర్ లోపల తుప్పు పట్టి, రబ్బరు వాషర్లు కోసుకుపోతాయి. కనుక బండిని బయటికి తీయగానే మాస్టర్ సిలిండర్, నాలుగు వీల్ సిలిండర్లు విప్పి చూడాలి. రబ్బరు గొట్టాలన్నీ కొత్తవి వేయాలి. ఆయిలును రెండేళ్లకోసారి మార్చాలి. అత్యవసరమని అందులో ఇంజిన్ ఆయిలు పోసేవారున్నారు. దానికి వాషర్లు ఉబ్బి బ్రేకులు బిగుసుకుపోతాయి.

హ్యాండ్ బ్రేకు సంగతి చాలామందికి తెలియదు. జీపులో అది చక్రాలను పట్టదు. గేరు పెట్టె వెనుక, ప్రొపెల్లర్ షాఫ్ట్ మొదట్లో ఉన్న చిన్న డ్రమ్మును పట్టి ఉంచుతుంది. షాఫ్ట్ జాయింటు విరిగితే హ్యాండ్ బ్రేకు ఉన్నా లేనట్లే. వాలులో ఆపినప్పుడు చక్రం కింద రాయి పెట్టే పాత డ్రైవర్ల అలవాటు ఊరికే రాలేదు.

వాగు దాటిన తర్వాత బ్రేకు లైనింగులు తడిసి పట్టు తప్పుతాయి. కొద్ది దూరం పెడల్‌ను మెల్లగా నొక్కుతూ నడిపితే వేడికి ఆరతాయి. వేగం పెరిగినప్పుడు స్టీరింగ్ ఊగిపోతుంటే కింగ్‌పిన్ బేరింగులు, టై రాడ్ చివర్లు అరిగాయని అర్థం. టైర్లు మార్చినంత మాత్రాన ఆ జబ్బు నయం కాదు. తారు రోడ్డుపై నాలుగు చక్రాల గేరు వేసి నడపడం కూడా మంచిది కాదు. ముందు వెనుక చక్రాలు మలుపుల్లో సమానంగా తిరగవు కనుక భారమంతా గేర్లపై పడుతుంది.

ఎండ, నీరు, పెట్రోలు

యుద్ధకాలపు విల్లీస్ ఇంజిన్ 2.2 లీటర్లది, శక్తి 60 హార్స్‌పవర్. నిర్మాణం సరళం కావడంతో ఊరి మెకానిక్‌కు సైతం అర్థమవుతుంది. పాయింట్ల మధ్య అర మిల్లీమీటరు సందు, ప్లగ్గు వద్ద ముప్పావు మిల్లీమీటరు సందు సరిచూస్తే సగం రోగాలు పోతాయి. ఆ బండి విద్యుత్తు 6 వోల్టులది. 12 వోల్టుల బండికి వాడే సన్నని తీగలు వేస్తే స్టార్టర్ మూలుగుతుందే తప్ప తిరగదు. వోల్టులు సగమైనప్పుడు అదే పనికి కరెంటు రెట్టింపు కావాలి, తీగ అంత లావుండాలి.

మన ఎండలకు రేడియేటరే గండం. జిల్లా బోరు నీటి గుణం తెలిసిందే. ఆ నీటినే పోస్తూపోతే గొట్టాల లోపల తెల్లటి పొర పేరుకుని నీరు ఆడదు. డిస్టిల్డ్ వాటర్‌లో కూలెంట్ కలిపి పోయడమే మార్గం. వేసవిలో పెట్రోలు పంపు వేడెక్కి లోపలి పెట్రోలు ఆవిరైతే బండి దారిలో ఆగిపోతుంది. పంపు మీద తడిగుడ్డ కప్పి పది నిమిషాలు ఆగడం పాత డ్రైవర్ల చిట్కా. అది పనిచేస్తుంది కూడా.

కొత్త చిక్కు ఇథనాల్‌తో. 2025 నాటికి దేశమంతటా పెట్రోలులో 20 శాతం ఇథనాల్ కలిసి వస్తోంది. పాత రబ్బరు గొట్టాలు, పంపు పొర, బెండు వాషర్లు ఇథనాల్ కోసం తయారైనవి కావు. అవి మెత్తబడి కారతాయి. కారిన పెట్రోలు వేడి ఇంజిన్‌పై పడితే ఏమవుతుందో చెప్పనక్కరలేదు. ఇథనాల్‌ను తట్టుకునే గొట్టాలు, పొరలు వేయించుకోవాలి. ఇథనాల్ నీటిని పీల్చుకుంటుంది కనుక నెలల తరబడి కదలని బండి ట్యాంకులో పెట్రోలు నిల్వ ఉంచరాదు.

కాగితాల సంగతి

సొంత వాహనం రిజిస్ట్రేషన్ 15 ఏళ్లకు ముగుస్తుంది. ఆపై ఐదేళ్లకోసారి తనిఖీ చేయించి పొడిగించుకోవాలి. 2022 ఏప్రిల్ నుంచి కారుకు ఈ రుసుము రూ.5 వేలకు పెరిగింది. 20 ఏళ్లు దాటిన వాటికి 2025 ఆగస్టులో రూ.10 వేలు చేశారు.

ఇది కాక వింటేజ్ రిజిస్ట్రేషన్ అనే మరో దారిని కేంద్రం 2021 జులైలో తెచ్చింది. మొదటి రిజిస్ట్రేషన్ జరిగి 50 ఏళ్లు దాటిన సొంత వాహనాలకు ఇది వర్తిస్తుంది. రుసుము రూ.20 వేలు, గడువు పదేళ్లు, ఆపై పొడిగింపునకు రూ.5 వేలు. పాత రిజిస్ట్రేషన్ ఉన్న బండికి పాత నంబరే కొనసాగుతుంది. లేని వాటికి ‘వీఏ’ అక్షరాలతో కొత్త నంబరు ఇస్తారు. వింటేజ్ కార్ల థర్డ్ పార్టీ బీమా ప్రీమియంలో సగం రాయితీని కూడా 2022లో ప్రకటించారు.

షరతులు మాత్రం గట్టివే. ఛాసిస్, బాడీ, ఇంజిన్ అసలు రూపంలో ఉండాలి. పెట్రోలు ఖర్చు భరించలేక జీపులకు డీజిల్ ఇంజిన్ బిగించడం ఒకప్పుడు సర్వసాధారణం. అలా మార్చిన బండికి ఈ గుర్తింపు దక్కదు. రవాణా శాఖ అనుమతి లేకుండా, ఆర్సీలో నమోదు చేయించకుండా ఇంజిన్ మార్చితే మామూలు పొడిగింపునకూ చిక్కే. పాత ఇంజిన్ షెడ్డు మూలన పడి ఉంటే దాన్ని తూకానికి వేయకుండా, ముందు దానిపై ఉన్న నంబరును ఆర్సీతో పోల్చి చూసుకోవాలి.

వింటేజ్ నమోదు పొందిన బండిని రోజువారీ పనులకు గానీ, కిరాయికి గానీ తిప్పరాదు. ప్రదర్శనలకు, ర్యాలీలకు, సాంకేతిక పరిశోధనకు, ఇంధనం పోయించుకోవడానికి, మరమ్మతులకు మాత్రమే రోడ్డెక్కాలి. పొలానికో, సంతకో రోజూ తిప్పదలచినవారు ఐదేళ్ల పొడిగింపు దారినే పట్టాలి. నందికొండ నుంచి హైదరాబాద్ దాదాపు 150 కిలోమీటర్లు. అంత దూరం బయలుదేరేవారు గంటకోసారి ఆగి రేడియేటర్ నీటిని, చక్రాల వేడిని చూసుకోవాలి. నీరు మరుగుతున్నప్పుడు మూత తీయరాదు. ఒక చక్రం మిగతా వాటికంటే ఎక్కువగా కాలుతుంటే అక్కడ బ్రేకు పట్టేసి ఉంటుంది, అక్కడికక్కడే విప్పించాలి.