రొమ్ముల భారం తగ్గించే ఆపరేషన్: ముందు, తర్వాత

మెడనొప్పి, వీపునొప్పి, భుజాలపై బ్రా పట్టీల గాట్లు, రొమ్ముల కింద చెమటకు ఒరిసి పుండ్లు. ఈ బాధలను ఏళ్ళ తరబడి ఎవరికీ చెప్పుకోలేని స్త్రీలు ఎందరో ఉన్నారు. చెప్పినా, 'అందం కోసం ఆపరేషనా?' అని ఇంట్లో కొట్టిపారేస్తారు. ఇది అందం సమస్య కాదు, బరువు సమస్య.

రోగన్లు, లేపనాలు రాస్తే రొమ్ములు తగ్గుతాయని నమ్మి డబ్బు పోగొట్టుకోకండి. పెరిగిన గ్రంథి, కొవ్వు పైపూతతో కరగవు. యునానీకి జర్రాహత్ (శస్త్రచికిత్స) కొత్తదేమీ కాదు. క్రీ.శ. 1013లో మరణించిన కుర్తుబా వైద్యుడు అబుల్ ఖాసిం జహ్రావి తన 'అత్తస్రీఫ్' గ్రంథంలో పురుషులకు పెరిగిన రొమ్ములను కోసి సరిచేసే పద్ధతిని వివరించారు.

ఆపరేషన్‌కు ముందు

పావగడ వారు ఇందుకు సాధారణంగా బెంగళూరు వెళ్ళాలి. అక్కడి ప్రభుత్వ విక్టోరియా ఆసుపత్రిలో ప్లాస్టిక్ సర్జరీ విభాగం ఉంది. స్త్రీ డాక్టరు కావాలంటే ముందే అడగండి. 40 ఏళ్ళు దాటిన వారికి మామోగ్రామ్ తీస్తారు. షుగరు అదుపులో ఉండాలి. పొగాకు మానాలి. ఆస్పిరిన్‌తో పాటు మీరు వాడే మజూన్లు, చూర్ణాలు అన్నీ డాక్టరుకు చెప్పండి. కొన్ని మందులు రక్తస్రావాన్ని పెంచుతాయి. ఆపరేషన్ తర్వాత చనుబాలు తగ్గవచ్చు, రాకపోనూవచ్చు. కనుక ఇంకా పిల్లలు కావాలనుకునే వారు ఆ సంగతి ముందుగా మాట్లాడాలి.

ఆపరేషన్, ఆ తర్వాత

పూర్తి మత్తు ఇచ్చి, రెండు నుండి నాలుగు గంటలు చేస్తారు. అధిక కొవ్వు, గ్రంథి, చర్మం తీసి, చనుమొనను పైకి అమర్చి కుట్లు వేస్తారు. తీసిన భాగాన్ని పరీక్షకు పంపుతారు. సాధారణంగా ఒకటి రెండు రోజుల్లో ఇంటికి పంపుతారు. పావగడకు మూడు నాలుగు గంటల బస్సు కుదుపులు పడకుండా, మొదటి వారం బెంగళూరులోనే బంధువుల ఇంట ఉండటం మేలు.

వాపు, నొప్పి మొదటి వారంలో ఎక్కువ. మెత్తని బిగుతు బ్రాను డాక్టరు చెప్పినన్ని వారాలు రాత్రింబగళ్ళు వేసుకోవాలి. మంచంపైనే ఉండక, ఇంట్లో మెల్లగా నడవాలి. రెండు వారాలకు తేలికపాటి పనులు చేసుకోవచ్చు. ఆరు వారాల వరకు నీళ్ళ బిందెలు, బియ్యం మూటలు, చంటిబిడ్డలను ఎత్తరాదు. సజ్దాకు వంగడం కష్టమైతే కుర్చీలో కూర్చుని నమాజు చేసుకోవచ్చు. గాయం మానేదాకా పసుపు, నూనె, మర్హమ్ ఏదీ రాయకండి.

మచ్చలు మిగులుతాయి. ఏడాదికి ఎరుపు తగ్గి పలచబడతాయి. చనుమొన స్పర్శ కొందరికి తగ్గుతుంది. జ్వరం, చీము, ఒకవైపు హఠాత్తుగా వాపు, చనుమొన నల్లబడటం, పిక్కలో వాపు, ఆయాసం కనిపిస్తే వెంటనే ఆసుపత్రికి వెళ్ళండి.

మెడ, వీపు తేలికపడటం చాలామందికి కొద్ది వారాల్లోనే తెలుస్తుంది. అయితే ఆ ఆరు వారాలు బిందె మోసేదెవరో, వంట చూసేదెవరో ఆపరేషన్ తేదీకి ముందే ఇంట్లో తేల్చుకోవాలి. కోలుకోవడం సగం దానిపైనే ఆధారపడి ఉంటుంది.